చేయి విడిచిన రాయి

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములయందు మనము సాధారణముగా త్రాగునీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, ఇంటిపన్ను మొదలగు విషయములను చర్చించుచుందుము. పిల్లల అల్లరి కూడ పంచాయతీ చర్చింపదగిన విషయమా యని కొందఱికి సందేహము కలుగవచ్చును. అల్లరి ఇంటి గడప లోపల ఉన్నంతవఱకు అది తల్లిదండ్రుల విషయమే. అది గడప దాటి, ఊరి పొలిమేర దాటి, ముఖపరిచయమైనను లేని ఒక ప్రయాణికుని కన్ను పోగొట్టునపుడు మాత్రము అది ఊరందఱి విషయమగుచున్నది. అట్టి అల్లరులలో ఒక్కదానిని గూర్చి నేడు ముఖ్యముగా చెప్పదలచితిని. అది పోవుచున్న రైలుపై రాయి విసరుట.

తెలుగునాట రైలుమార్గమునకు ఆనుకొని యున్న గ్రామములు అనేకములు కలవు. అచ్చటి పిల్లలకు రైలు పుట్టినది మొదలు పరిచయమైన వస్తువు. పశువులను మేపుచున్నప్పుడు, బడినుండి వచ్చుచున్నప్పుడు, సెలవునాడు ఆడుకొనుచున్నప్పుడు రైలు కంటబడును. కాలిక్రింద కంకరరాళ్ళకు కొదువ లేదు. ఎవని గుఱి తగులునో చూతమని ఒకడు పందెము వేయును, మఱియొకడు విసరును. రైలు పోవును. పిల్లలు నవ్వుకొని ఇంటికి వత్తురు. వారి దృష్టిలో ఆట అంతటితో ముగిసినది.

సికింద్రాబాదు, విశాఖపట్టణముల మధ్య వందే భారత్ రైలు 2023 జనవరి 15వ తేదీన ప్రారంభమైనది. అంతకు నాలుగు రోజుల ముందే, జనవరి 11వ తేదీన, విశాఖపట్టణము కంచరపాలెము ప్రాంతమున ఆ రైలుపై రాళ్ళు పడి అద్దములు పగిలినవి. ప్రయాణికుడొక్కడైనను ఎక్కకముందే రైలు దెబ్బ తినినది. పిమ్మట ఆ యేడాదియే ఇట్టివి మఱికొన్ని జరుగగా, అనేక సందర్భములలో బాలురును ఉన్నారని దక్షిణమధ్య రైల్వేవారు ప్రకటించిరి. వీరు దుర్మార్గులు కారు. మన వీధులలో గోళీలాడు పిల్లల వంటివారే. ఈ విషయము మనలను మఱింత ఆలోచింపజేయవలెను.

కనబడని ముగింపు

ఇతర అల్లరులకును ఈ అల్లరికిని ఒక భేదము కలదు. పిల్లవాడు పక్కింటి జామచెట్టుపై రాయి వేసి పెంకు పగులగొట్టిన యెడల, ఆ పగిలిన పెంకు వానికి కనబడును. పక్కింటి అవ్వ కేకలు వినబడును. తండ్రి క్రొత్త పెంకు కొని తెచ్చి వేయించును. తప్పునకు ఫలమేమో ఒక్క గడియలో తేటతెల్లమగును. రైలు విషయమున అట్లు కాదు. రాయి చేయి విడిచిన కొలది క్షణములలోనే రైలు కనుమఱుగగును. గాజుపెంకు గ్రుచ్చుకొన్న పాప ఏడ్పు పిల్లవానికి వినబడదు. ఆ తల్లి ముఖము వానికి కనబడదు. తరువాతి స్టేషనులో పరుగెత్తుకొని వచ్చిన వైద్యుని వాడు చూడడు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అందురు. ఇక్కడ ఆ ఎలుక ఎన్నడును పిల్లి కంటబడదు. కావున వానికి తనంతట తెలియు మార్గము లేదు. తెలిసిన పెద్దలు ముందుగా చెప్పవలెను.

దీనిని పిల్లలకు అర్థమగునట్లు చెప్పుట కష్టము కాదు. సైకిలు వేగముగా త్రొక్కునపుడు చిన్న పురుగు కంటికి తగిలిన ఎంత మంటయో వారికి అనుభవమే. ఆ పురుగు పరుగెత్తి వచ్చి కొట్టలేదు. మన వేగమే మనలను దానిపైకి తీసికొనిపోయినది. రైలు విషయమును ఇట్టిదే. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు రైలు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు కదలును. దాని కెదురుగా రాయిని ఊరక గాలిలో విడిచినను, ఆ రాయి సుమారు 40 మీటర్ల ఎత్తునుండి నెత్తిపై పడినంత దెబ్బ కొట్టును. అనగా పెద్ద తాటిచెట్టుపై మఱియొక తాటిచెట్టు నిలిపి, దాని మొవ్వనుండి రాయి జారవిడిచినట్లు. రైలు 130 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో ఆ ఎత్తు 65 మీటర్లు దాటును. పిల్లవాని చేతిబలము దీనికి అదనము. కనుక చిన్నపిల్లవాడు విసరినది కదా, ఎంత దెబ్బ తగులునులే అనుట పొరపాటు. బలము వాని చేతిలో లేదు, రైలు వేగములో నున్నది.

రైలు నడుపు లోకో పైలట్ ఎదుటి అద్దమునకు దెబ్బ తగిలిన యెడల అపాయము ఒక్కరితో పోదు. అంత వేగమున పోవు రైలు ఆగుటకు సుమారు ఒక కిలోమీటరు దూరము కావలెను. ఆయన కన్ను ఒక్క నిమిషము చెదరినను వెనుకనున్న వందలమంది ప్రాణములు ప్రమాదమున పడును. పట్టాలపై నాణెము పెట్టి అది చదునగుట చూచు వినోదము, రాళ్ళు పేర్చి రైలు వాటిని నలుపుట చూచు వినోదము కూడ ఈ కోవలోనివే. ఆ రెంటిలో రైలు కన్న ముందు పిల్లవానికే ప్రాణాపాయము.

మాండవ్యుని తూనీగలు

మహాభారతము ఆదిపర్వమున మాండవ్య మహర్షి కథ కలదు. రాజభటులు తరుమగా దొంగలు ఆయన ఆశ్రమమున దాగిరి. మౌనవ్రతమున నున్న ముని భటుల ప్రశ్నకు బదులు పలుకలేదు. ఆయనయు దొంగయే యని యెంచి రాజు కొఱత వేయించెను. పిదప నిజము తెలిసి, క్షమింపుమని వేడి, క్రిందికి దింపించెను. ముని యమధర్మరాజు కడకేగి, నేను చేసిన పాపమేమి యని ప్రశ్నించెను. చిన్ననాడు నీవు తూనీగలను పట్టి పుల్లలు గ్రుచ్చి ఆడితివి, దాని ఫలమిది యని యముడు చెప్పెను. తెలియని ప్రాయమున చేసిన పనికి ఇంతటి శిక్షయా యని ముని కోపించి, మనుష్యుడవై పుట్టుమని యముని శపించెను. 14 ఏండ్లు నిండువఱకు పిల్లలు చేసిన పనికి పాపము అంటదని కట్టడి చేసెను. ఆ యముడే విదురుడై జన్మించెనని కథ.

మాండవ్యుని వాదము న్యాయమైనది. ఎన్నడో మఱచిపోయిన తప్పునకు ఏండ్లు గడచిన పిమ్మట కొఱత వేసినచో, అది బాధయే గాని బోధ కానేరదు. అయితే ఈ కథలో మనము తఱచు మఱచునది ఆ తూనీగను. పిల్లవానికి పాపము అంటకపోవచ్చును. అంతమాత్రమున తూనీగకు నొప్పి తగ్గదు. ఆనాడు ఆ బాలుని ప్రక్కన ఒక పెద్దవాడు నిలిచి, నాయనా, దానికి నొప్పి యని ఒక్క మాట చెప్పి యుండిన యెడల, తూనీగ బ్రతికెడిది, ముని కొఱతయు తప్పెడిది. ఈ కథలో కొఱవడినది ఆ పెద్దవాడే.

చట్టము చెప్పునది

నేటి మన చట్టమును ఇంచుమించు మాండవ్యుని మార్గముననే నడచుచున్నది. 1989వ సంవత్సరపు రైల్వే చట్టము ప్రకారము, ప్రయాణికులకు గాయము చేయు ఉద్దేశముతో రైలుపై రాయి విసరినవారికి 152వ సెక్షను క్రింద యావజ్జీవ శిక్షగాని, పది సంవత్సరముల వఱకు జైలుశిక్షగాని విధింపవచ్చును. బుద్ధిపూర్వకమైన చేష్టవలన ప్రయాణికుల భద్రతకు అపాయము కలిగించినవారికి 153వ సెక్షను క్రింద ఐదు సంవత్సరముల వఱకు శిక్ష కలదు. ఇవి పెద్దలకు. ఏడేండ్లలోపు శిశువు చేసినది నేరము కాదని 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత చెప్పుచున్నది. ఏడు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లవానికి తన పని యొక్క మంచిచెడ్డలు తెలియు పరిపక్వత లేనిచో, అదియు నేరము కాదు. ఆపై 18 ఏండ్లు నిండనివారి సంగతిని 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము క్రింద బాలల న్యాయ మండలి విచారించును. మందలించి ఇంటికి పంపుట, తల్లిదండ్రులకును పిల్లవానికిని హితబోధ చేయుట, సమాజసేవ చేయించుట, తల్లిదండ్రులపై జరిమానా విధించుట మొదలగు అధికారములు ఆ మండలికి కలవు.

చట్టము పిల్లలయెడ దయ చూపుచున్నదనగా, వారిని పట్టించుకొనవలదని అర్థము కాదు. శిక్ష తగ్గిన చోట శిక్షణ పెరుగవలెను. శిక్షణ పోలీసు ఠాణాలో మొదలు కారాదు. ఇంటిలో, బడిలో, ఊరిలో మొదలు కావలెను.

పంచాయతీ చేయదగినవి

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన 29 అంశములు కలవు. వానిలో ప్రాథమిక విద్యయు, స్త్రీశిశు సంక్షేమమును చేరియున్నవి. కావున ఇది మన పరిధిలోని పనియే. 2023 నాటికే రైల్వే రక్షక దళమువారు పట్టాల సమీప గ్రామముల సర్పంచులను గ్రామమిత్రులుగా చేర్చుకొని, వారి సహాయముతో ప్రచారము సాగించిరి. ధనవ్యయము లేక మీరు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుదును.

మొదటిది, చూపి చెప్పుట. ఊరక తప్పు, తప్పు అన్న మాట పిల్లల చెవికెక్కదు. బడి ఆవరణలో పిల్లలను దూరముగా నిలిపి, ఒక పాత మట్టికుండను నేలపై నుంచి, మేడపైనుండి ఉపాధ్యాయుడే ఒక చిన్న రాయి జారవిడువవలెను. కుండ పగులును. ఈ మేడ ఎత్తు నాలుగు మీటర్లు, రైలు దెబ్బ దీనికి పదిరెట్లు ఎత్తునుండి పడిన దెబ్బ యని చెప్పినచో పిల్లలు మఱువరు.

రెండవది, రైలులోని మనుష్యులను పరిచయము చేయుట. పిల్లవానికి రైలు ఒక యినుప వస్తువు. అందు కూర్చున్నది ఎవరు? ఆసుపత్రికి పోవు ముసలివాడు, పురుటికి పుట్టింటికి వచ్చు ఆడపడుచు, పనికై పట్టణమునకు పోవు మన ఊరి కూలివాడు. మీ అక్క ఆ కిటికీ ప్రక్కన కూర్చున్నదనుకొనుము అని తల్లి చెప్పిన మాట పది ప్రకటన పత్రములకన్న మిన్న. మీ ఊరిలో రైల్వే ఉద్యోగి యున్నచో ఒకనాడు బడికి పిలిపించి మాట్లాడింపుడు.

మూడవది, గుఱికి చోటు చూపుట. గుఱి చూచి కొట్టవలెనను ఉబలాటము పిల్లలకు సహజము. దానిని అణచుట అసాధ్యము, అనవసరము కూడ. పట్టాలకు దూరముగా ఒక ఆటస్థలము కేటాయించి బంతియో, కఱ్ఱబిళ్ళయో ఆడనిండు. ఆటస్థలము లేని ఊరిలో రైలుకట్టయే ఆటస్థలమగును.

నాలుగవది, నిజము చెప్పిన పిల్లవానిని కొట్టకుండుట. కొట్టుదురను భయమున్న చోట పిల్లవాడు నేర్చుకొనునది రాయి విసరరాదని కాదు, దొరకరాదని. బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము నిషేధించినది. తప్పు చేసిన బాలుని గ్రామసభ నడుమ నిలువబెట్టుటయు, ఆ కుటుంబమునకు ఊరి కట్టుబాటు పేర జరిమానా వేయుటయు తగదు. ఉపాధ్యాయునితో కలిసి ఒక సభ్యుడు ఇంటికి పోయి నెమ్మదిగా మాట్లాడవలెను.

ఐదవది, పెద్దలు నవ్వకుండుట. వీడు ఎంత గడుసువాడో చూచితిరా యని తండ్రి మురిసినచో, అంతకు మించిన ప్రోత్సాహము వేఱొకటి లేదు. మొక్కై వంగనిది మానై వంగునా? రాళ్ళు విసరుట కంటబడినచో రైల్వేవారి 139 నంబరునకు తెలుపుట మన విధి. ఆపదలోనున్న పిల్లల సహాయమునకు 1098 నంబరు కలదు.

ఇదే మార్గము ఇతర అల్లరులకును వర్తించును. గాజుపొడి పూసిన గాలిపటపు దారము దారినపోవు వాని గొంతు కోయుచున్నది. 108 నంబరునకు అబద్ధపు పిలుపు చేసిన యెడల, అంబులెన్సు ఒక ఊరికి వృథాగా పోయి, నిజమైన రోగి వేఱొక ఊరిలో ఎదురుచూచుచుండును. నాన్నా పులి కథలో బాలుడు తన ప్రాణమునకే తెచ్చుకొనెను. ఇచ్చట ఆ ముప్పు పరులకు తప్పదు. వీనియందును దెబ్బ తినువాడు పిల్లవాని కంటబడడు. ఆ కనబడని మనిషిని కనబడునట్లు చేయుటయే పెద్దల కర్తవ్యము.

సభ్యులారా, చేయి విడిచిన రాయిని ఏ చట్టమును, ఏ తల్లియు వెనుకకు పిలువజాలరు. అది చేతిలో నుండగనే ఆ చేతిని పట్టుకొనవలెను. మీ తదుపరి గ్రామసభలో ఒక పావుగంట ఈ విషయమునకు కేటాయింపుడని, మీ ఊరి బడి ఉపాధ్యాయులను, అంగన్‌వాడీ కార్యకర్తను, తల్లులను దానికి పిలువుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. జై హింద్.