కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటే మనం ఏం చేయాలె?



కోళ్ల కోసం సంఘంల అప్పు తీసుకున్నోళ్లం ఈ సభలో చాలామందిమి ఉన్నం. తెగులు వస్తదని భయపడ్డం, పిల్లి, గద్ద ఎత్తుకపోతయని భయపడ్డం. గూట్లో ఉన్న కోడే ఇంకో కోడిని పొడిచి చంపుతదని మాత్రం అనుకోలేదు. అందుకే మాకు జరిగింది మీ ముందు పెడుతున్నం.

మా దగ్గర ఐదు నాటుకోళ్లు ఉండె. గుడ్ల కోసం ఆరు గ్రామప్రియ పెట్టలు తెచ్చి, పొద్దున్నే పాత కోళ్ల నడుమ వదిలినం. మూడో నాటికి ఒకదాని తోక కాడ ఈకలు లేవు. మరునాడు రక్తం కనబడ్డది. ఐదో నాడు అది చచ్చిపోయింది. మిగిలినవి మూలకు నక్కి మేత ముట్టలేదు, గుడ్లు బంద్ అయినయి. కిస్తీ మాత్రం ఆగదు కదా! ఈ జాతి మంచిది కాదని ఇంట్ల అన్నరు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన జాతి అది. తప్పు జాతిది కాదు, మేము కలిపిన తీరుది.

కోళ్లలో పెద్ద, చిన్న అనే వరుస ఉంటది. ముందు ఎవరు తినాలె, పైన ఎవరు కూర్చోవాలె అనేది పొడుచుకునే తేల్చుకుంటయి. నార్వే దేశపు షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన చిన్నప్పటి నుంచి తన కోళ్లను చూసి, ఈ సంగతి 1922లో అచ్చు వేయించిండు. కొత్త కోడి రాగానే ఆ వరుస చెదిరిపోతది. రెండు మూడు రోజులు కొద్దిగా పొడుచుకుంటే భయం లేదు. రక్తం కారితే మాత్రం ఊరుకోవద్దు. ఎర్రగా కనబడితే అన్ని కోళ్లూ అక్కడనే పొడుస్తయి.

ఇంకా కారణాలున్నయి. విత్తనాలు పెట్టేటప్పుడు పక్క చేన్లు గీకుతయని, పత్తి ఏరే రోజుల్లో ఇంటి దగ్గర ఎవరూ ఉండరని, కోళ్లను పొద్దంతా గూట్లోనే మూస్తం. ఇరుకు, ఉక్క, గీకడానికి మన్ను లేకపోవడం, ఒక్కటే మేత గిన్నె, ఒంటి నిండా పేలు – ఇవన్నీ పొడుచుడును పెంచుతయి. ఒట్టి మక్కలు, నూకలే పెడితే మాంసకృత్తులు చాలక ఈకలు పీక్కొని తింటయి.

మరి ఏం చేయాలె?

మొదలు, రక్తం వచ్చిన కోడిని వెంటనే తీసి వేరే గంప కింద పెట్టాలె. గాయం కడిగి పసుపు, వేపనూనె రాయాలె. పుండు పూర్తిగా మానినంకనే కలపాలె.

రెండోది, పొడిచే కోడిని కూడా మూడు నాలుగు రోజులు విడిగా ఉంచాలె. తిరిగి వచ్చేసరికి దాని పెత్తనం తగ్గుతది.

మూడోది, కొత్త కోళ్లను రెండు వారాలు దూరంగా ఉంచి, తెగులు లేదని చూసుకోవాలె. తర్వాత ఒక వారం జాలి అడ్డం పెట్టి, ఒకదానికొకటి కనబడేటట్టు ఉంచాలె. ఆ మీద చీకటి పడ్డంక గూట్లోకి వదలాలె. ఒంటరిగా ఒక్కదాన్ని ఎన్నడూ వదలొద్దు. చిన్న పిల్లలను పెద్ద కోళ్లతో కలపొద్దు.

నాలుగోది, మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టాలె. అప్పుడు మెతక కోడికి కూడా మేత అందుతది. ఆకుకూర కట్ట కట్టి వేలాడదీస్తే వాటి ముక్కుకు పని దొరుకుతది. చెదలు, పురుగులు, వేయించి దంచిన సోయా కొంచెం పెట్టాలె. పచ్చి సోయా అరగదు, పెట్టొద్దు. ఒక మూలకు బూడిద, పొడి మన్ను పోస్తే పొర్లాడి పేలు దులుపుకుంటయి.

ఐదోది, ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఎక్కువైతే అవి కొట్లాడుకుంటయి, పెట్టల వీపు చీరుతయి.

ముక్కు కోయించమని కొందరు చెప్తరు. మన కోళ్లు ఆ ముక్కుతోనే పురుగు ఏరుకొని బతుకుతయి. కోయొద్దు.

ఇవన్నీ చేసినంక మా దగ్గర మిగిలిన ఐదు పెట్టలు బతికినయి. నెల దాటినంక మళ్లీ గుడ్లు మొదలైనయి. చచ్చిపోయిన దాని పైసలు మాత్రం మేమే కట్టుకున్నం. ఆ నష్టం ఇంకో అక్కకు రావొద్దనే ఇదంతా చెప్పినం. ఈసారి సంఘం మీటింగుల అప్పు, పొదుపు లెక్కలు అయినంక, ఎవరి గూట్లో ఏ కోడికి ఈకలు ఊడినయో కూడా అడుగుకుందాం. మొదటి నాడే తెలిస్తే ఒక గంపతో ఆగిపోయే పని అది.