జైలు పైకప్పు మీది రాత

పట్టాలు అందుకున్న పిల్లలకూ, పొద్దున్నే వచ్చి కూర్చున్న అమ్మానాన్నలకూ అభినందనలు.

ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన హైదరాబాద్ సిటీ కాలేజీ ఇది. నేను చరిత్ర లెక్చరర్‌ని. ఏటా చివరి పాఠంగా ఒకే దాడి గురించి చెప్పేదాన్ని: 1945 మేలో బర్మాలోని రంగూన్‌ను జపాన్ నుంచి తిరిగి తీసుకోవడానికి జరిగిన ఆపరేషన్ డ్రాక్యులా.

ఉత్తరం నుంచి దిగివస్తున్న బ్రిటిష్ జనరల్ స్లిమ్ సేనను పెగూ దగ్గర వాన ఆపేసింది. రంగూన్ రేవు చేతికి రాకపోతే ఆ సేనకు తిండీ మందుగుండూ అందవు. నదిలో మందుపాతరలు. నదీముఖాన ఎలిఫెంట్ పాయింట్ దగ్గర జపాన్ స్థావరం. మే 1న భారత పారాచూట్ బ్రిగేడ్ గూర్ఖాలు ఆకాశం నుంచి దిగి, జోరువానలో, బురదలో నడిచి దాని మీద పడ్డారు. సొంత విమానాల బాంబులకే కొందరు గాయపడ్డారు. మర్నాడు 26వ భారత డివిజన్ పడవల్లో వచ్చి నదికి రెండు ఒడ్డుల్లోనూ దిగింది.

తీరా చూస్తే ఊళ్లో శత్రువు లేడు. జపాన్ సైన్యం ముందే వెళ్లిపోయింది. రంగూన్ జైల్లోని యుద్ధఖైదీలు ఆ సంగతే పైకప్పు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. విమానంలో వచ్చిన బ్రిటిష్ వింగ్ కమాండర్ సాండర్స్ దాన్ని పైనుంచి చూసి వెళ్లిపోలేదు. గుంతలు పడిన మింగలడాన్ రన్‌వే మీద విమానం దించాడు, జైలుకు వెళ్లి ఖైదీలతో మాట్లాడాడు, సాంపాన్ అనే చిన్న పడవ ఎక్కి నదిలో దిగువకు వెళ్లి నౌకాదళానికి కబురు చెప్పాడు.

నా బెంగంతా ఇక్కడే, పిల్లలూ. మీలో సాండర్స్‌లా దిగి అడిగేవాళ్లు తగ్గిపోతున్నారు. పదిమంది పంపిన మెసేజ్ అయితే చాలు, మీకది నిజమైపోతుంది. వెనక వరసలో ఫోన్ చూస్తున్న నాయనా, నీతోనే మాట్లాడుతున్నాను, తల ఎత్తు!

ఆ రంగూన్ రేవులో బస్తాలు మోసింది మన కోస్తా తెలుగు కూలీలు. 1942లో జపాన్ బర్మా మీద దండెత్తినప్పుడు అరకాన్, అస్సాం అడవుల్లో పడి కాలినడకన ఇంటికి వస్తూ ఎందరో దారిలోనే ప్రాణాలు వదిలారు. వాళ్ల పేర్లు సైనిక చరిత్రల్లో దొరకవు. ఆ రోజులు తెలిసిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అంత దూరం ఎందుకు, ఈ పాతబస్తీలోనే బర్కస్ ఉంది, నిజాం సైనికుల బారకాసులతో పుట్టిన పేట. అక్కడి ఇళ్లలో ఎన్ని కథలు మిగిలాయో ఎవరు అడిగారు?

ఈ సెలవుల్లో ఒక పెద్దాయన దగ్గరో, పెద్దావిడ దగ్గరో కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసుకోండి. తాతల డిశ్చార్జి కాగితాలు, పాత ఉత్తరాలు ఇంట్లో కనబడితే దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి.