తొమ్మిది పలుకరింపులు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మన యిండ్లలో ఎవరైనను ఆత్మహత్యకు యత్నించి బ్రతికి బయటపడినచో మనమేమి చేయుచున్నాము? ఆసుపత్రినుండి తెచ్చి తలుపులు మూయుచున్నాము. పొరుగువారికి కడుపునొప్పి యని చెప్పుచున్నాము. చూడవచ్చిన చుట్టములు ఊరి సంగతులన్నియు మాటలాడుదురు గాని ఆ మాట ఎత్తరు. పరువు నిలిచినదని మన తృప్తి. ఇంటికి చేరిన పిదప గడచు తొలి వారములు, తొలి నెలలే మిక్కిలి అపాయకరమైనవని వైద్యులు చెప్పుచున్నారు.

ఈ విషయమున మన చెన్నపట్టణమునకును ఒక పాత్ర కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నై, కొలంబో, కాంపినాస్, కరాజ్, యున్‌చెంగ్ నగరములలో ఇట్టివారిని 1867 మందిని పరిశీలించి, 2008లో ఫలితములను ప్రకటించినది. కొందరికి మామూలు చికిత్స మాత్రమే జరిగినది. తక్కినవారితో ఇంటికి పంపునపుడు ఒక గంటసేపు మాటలాడిరి. పిమ్మట ఫోనులో గాని, ఇంటికి పోయి గాని తొమ్మిది మారులు పలుకరించిరి. 1, 2, 4, 7, 11 వారములకు, ఆపై 4, 6, 12, 18 నెలలకు. మొదట ఎంత దగ్గర దగ్గరగా పోయిరో గమనింపుడు! పదునెనిమిది నెలలలో ఆత్మహత్యచే మరణించినవారు మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 2.2, పలుకరింపు పొందినవారిలో 0.2. తరువాతి పరిశోధనలన్నింటను ఇంతటి భేదము కనబడలేదు. అయినను ఇంత స్వల్ప వ్యయమునకు ఇంత ఫలము చూపిన ఉపాయము మాకు వేరొకటి తోచదు.

అచట పలుకరించినవారు శిక్షణ గలవారు. మనము వైద్యులము కాము. ప్రమాదచిహ్నము కనబడిన నాడే ఆసుపత్రికి కొనిపోవలయును. కాని తరతరములుగా తమిళ గడ్డపై నున్నను మన దుఃఖము ఇంటి తెలుగులోనే పలుకును. అందు సగము తమిళపదము లున్ననేమి? ఆ తెలుగు వినువారు మనమే గదా.

పోయినపుడు నీతిబోధ వలదు. చావవలెనను తలంపు మరల కలుగుచున్నదా యని సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. పోలీసు కేసగునని దాచువారికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును చెప్పుడు. దాని 115వ సెక్షను ప్రకారము యత్నించినవారు తీవ్రమైన మనోవ్యథలో నుండిరని భావింపవలయునే గాని శిక్షింపరాదు. ప్రభుత్వపు టెలి మానస్ 14416 రేయింబవళ్ళు ఉచితముగా పలుకును, తెలుగులోను.

ఈ పనికి ఒప్పుకొనువారు, విశేషించి స్త్రీలు, తమ పేర్లను కార్యదర్శిగారి కీయ వేడుచున్నాము. తొలి వారముననే ఇద్దరు పోవలయును. పోయిన యిండ్ల పేర్లు మాత్రము సంఘపు మినిట్సు పుస్తకమున వ్రాయబడవు.