పాతిక రూపాయల సందేశం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో మహిళా సంఘాల సభ్యులతో జరిగిన సమావేశాల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు ‘సైబర్ నేరాలు - స్త్రీలు’ అని విషయం ఇచ్చారు. అది చాలా పెద్ద విషయం. అందులోంచి నేనొక చిన్న ముక్క తీసుకుంటాను. పాతిక రూపాయల ముక్క. ఎందుకంటే ఈ మూడు ఊళ్లలో నేను కూర్చుని మాట్లాడిన ప్రతిచోటా ఎవరో ఒకరి ఫోనులో ఆ సందేశం ఉంది. చాలామంది దాన్ని చూపించడానికి మొహమాటపడ్డారు. ఆ మొహమాటం గురించే ముఖ్యంగా మాట్లాడాలని వచ్చాను.

ముందు సందేశం సంగతి. “మీ పార్సిల్ గిడ్డంగికి చేరింది. చిరునామా సరిగా లేనందువల్ల రెండుసార్లు ప్రయత్నించినా అందజేయలేకపోయాం. 48 గంటల్లో చిరునామా సరిచేసుకోండి. లేకుంటే పార్సిల్ వెనక్కి పోతుంది.” మాటలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, సారాంశం ఇదే. కింద ఒక లింకు. నొక్కితే తపాలా శాఖ ముద్ర ఉన్న పేజీ తెరుచుకుంటుంది. పేరు, ఊరు, ఫోను నంబరు అడుగుతుంది. చివర్లో ‘మళ్లీ తెచ్చి ఇచ్చేందుకు రుసుము’ అంటూ చాలా కొద్ది మొత్తం అడుగుతుంది. కార్డు నంబరు, దాని గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు, ఆ తర్వాత ఓటీపీ.

పాతిక రూపాయలకు ఎవరు ఆలోచిస్తారు? వాళ్లకు కావలసింది ఆ పాతిక కాదు. మీరు నింపిన కార్డు వివరాలు. వాటితో వాళ్లు వేరేచోట పెద్ద మొత్తానికి కొనుగోలు మొదలుపెడతారు. మీరు పాతిక రూపాయలకని చెప్పిన ఓటీపీ ఆ పెద్ద మొత్తానిది అవుతుంది. ఓటీపీ వచ్చిన సందేశంలో ఎంత మొత్తమో, ఎవరికి పోతుందో సాధారణంగా రాసే ఉంటుంది. కానీ మనం అంకెలు మాత్రం చూసి మిగతాది చదవం. ఇది ఇంగ్లీషు రానివాళ్లు మాత్రమే చేసే పొరపాటు అనుకోకండి. నేనూ చదవను.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒకామె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. లేసులు, పూసలు ఫోనులోనే తెప్పించుకుంటుంది. ఆ వారం ఆమెకు నిజంగానే ఒక పార్సిలు రావలసి ఉంది. పుంగనూరు దగ్గర ఒక పెద్దామె కూతురు కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. పండక్కి ఏదో పంపుతానని ఆ అమ్మాయి చెప్పి ఉంది. కుప్పం అమ్మాయి రోజూ రైల్లో బెంగళూరుకు పనికి పోయి వస్తుంది. మీ ఊరి నుంచి అట్లా పోయివచ్చేవాళ్లు ఎందరో మీకే తెలుసు. తమ్ముడికి బూట్లు ఆర్డరు పెట్టింది. సందేశం రైల్లో ఉండగా వచ్చింది. నిలబడే నొక్కింది.

ముగ్గురూ నాతో ఒకే మాట అన్నారు. “నాకు పార్సిలు రావాల్సిందే గదా మేడం, అందుకే నమ్మితిని.” మోసగాళ్లకు వీళ్ల పార్సిళ్ల సంగతి తెలుసా? తెలియాల్సిన అవసరం లేదు. ఒకే సందేశాన్ని లెక్కలేనన్ని నంబర్లకు పంపుతారు. ఈ రోజుల్లో ఎవరో ఒకరి ఇంటికి పార్సిలు వస్తూనే ఉంటుంది. కాబట్టి ‘నేను ఎదురుచూస్తున్నాను’ అనేది ఆ సందేశం నిజమని చెప్పే సాక్ష్యం కాదు.

మరి ఎట్లా గుర్తుపట్టాలి? నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, తపాలా శాఖ చిరునామా సరిచేయమని ఇట్లాంటి సందేశాలు పంపదు. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ కూడా 2024లో ఈ సందేశం బూటకమని ప్రకటించింది. నిజంగా అనుమానం ఉంటే మీ ఊరి పోస్టాఫీసుకు పోయి అడగండి. పోస్ట్‌మ్యాన్ మీకు తెలిసిన మనిషే. విదేశాల నుంచి వచ్చే పార్సిలుకు సుంకం కట్టాల్సి రావచ్చు. అదీ పోస్టాఫీసులో అడిగి తెలుసుకుని రశీదు తీసుకుని కట్టేదే. ప్రైవేటు కంపెనీల నుంచి తెప్పించుకున్నదైతే, మీరు ఆర్డరు పెట్టిన యాప్‌ను మీరే తెరిచి చూడండి. వచ్చిన లింకు ద్వారా మాత్రం పోవద్దు.

రెండోది, లింకు పేరు. తపాలా శాఖ అసలు వెబ్‌సైటు ‘ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్’. దొంగ లింకుల్లో కూడా ఇండియాపోస్ట్ అనే మాట ఉంటుంది, దాని వెనక మాత్రం ఏవేవో అక్షరాలు తగిలిస్తారు. మొదటి గీతకు ముందు చివరగా ‘గవ్ డాట్ ఇన్’ ఉందా లేదా అన్నదే చూడాలి.

మూడోది, పంపిన నంబరు. మామూలు పదంకెల నంబరు నుంచో, 91తో మొదలుకాని విదేశీ నంబరు నుంచో, ఎవరిదో ఈమెయిలు నుంచో వస్తే దొంగదే అనుకోండి. అక్షరాలతో ఉన్న పేరు నుంచి వచ్చినా, డబ్బు అడిగితే ఆగండి.

నాలుగోది, తొందర. 48 గంటలు, 12 గంటలు, ఇప్పుడే. ఎదుటిమనిషి ఎవరినీ అడగకుండా చేయడానికే ఈ తొందర.

దీనికి ఇంకో రూపం కూడా ఉంది. ‘డెలివరీ బాయ్‌ని మాట్లాడుతున్నా, ఇల్లు దొరకలేదు, ఈ నంబరు నొక్కండి’ అని ఫోను వస్తుంది. స్టార్ 21 అని మొదలయ్యే నంబరు లాంటిది చెబుతారు. అది నొక్కితే మీకు వచ్చే కాల్స్ వాళ్లకు మళ్లుతాయి, ఫోనులో చెప్పే ఓటీపీలతో సహా. పొరపాటున నొక్కి ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ నొక్కి కాల్ చేస్తే ఆ మళ్లింపు రద్దవుతుంది. ‘పార్సిలు చూసుకోవడానికి ఈ యాప్ వేసుకోండి’ అని పంపే ఫైళ్లను కూడా తెరవద్దు.

ఇంతవరకూ ఏ బ్యాంకు మేనేజరైనా చెప్పగలడు. చెప్పాలి కూడా. నేను సామాజికశాస్త్రం చదువుకున్నదాన్ని, నన్ను ఆలోచింపజేసింది ఆ తర్వాత జరిగిన సంగతి. కుప్పం అమ్మాయి ఖాతాలోంచి ఆ నెల జీతంలో చాలాభాగం పోయింది. డబ్బు పోయినట్టు ఫోనుకు సందేశం కూడా వచ్చింది. ఆ అమ్మాయి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. “దుడ్లు పోయింది ఒక బాధ. మా నాయన తెలిస్తే ఫోను తీసుకుంటాడు, పనికి పోవద్దంటాడు. అది ఇంకా పెద్ద బాధ” అంది.

ఆ అమ్మాయి భయం అబద్ధమా? కాదు. మన ఇళ్లలో మగపిల్లవాడు ఆన్‌లైను ఆటల్లో డబ్బు పోగొట్టుకుంటే అది వయసు చేసే తప్పు. ఆడపిల్ల ఒక లింకు నొక్కితే అది తెలివితక్కువతనం, దానికి శిక్ష కూడా ఉంటుంది. పాస్‌వర్డు అన్నకివ్వాలి, కార్డు భర్త జేబులోకి పోవాలి, ఫోను అల్మారాలోకి పోవాలి. మోసగాడు తీసుకున్నది కొన్ని వేల రూపాయలు. ఇంటివాళ్లు తీసుకునేది బయటి లోకంతో ఆమెకున్న సంబంధం. ‘ఎందుకు నొక్కావు?’ అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ‘ఆ వేళప్పుడు ఎందుకు బయటికి పోయావు?’ అని అడిగే గొంతే ఇక్కడా వినిపిస్తుంది. నేరం చేసినవాడిని వదిలి, నేరానికి గురైన మనిషిని బోనులో నిలబెట్టే అలవాటు అది.

ఈ నోరు మూయించడం వల్ల మోసగాడికి నేరుగా లాభం కలుగుతుంది. ఎట్లాగో చూడండి. పోయిన డబ్బు వెంటనే వాడి చేతికి చేరదు. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడినుంచి మరొకదానికి మారుతుంది. అది మారేలోపు ఫిర్యాదు అందితే దారిలో ఉన్న ఖాతాలో డబ్బును నిలిపివేయవచ్చు. అందుకోసమే 2021లో కేంద్ర హోంశాఖ ఒక వ్యవస్థ పెట్టింది. దాని నంబరు 1930. అంటే మొదటి గంటల విలువ చాలా ఎక్కువ. భయంతో మనం మింగేసే ఆ గంటలే మోసగాడి పెట్టుబడి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు తన వివరాలు తానే ఇచ్చి నష్టపోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఆమెది, తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది అని అందులో ఉంది. ఆమె తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా వేరెక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లో తెలియజేసినామెకు బాధ్యతే లేదంది. బాధ్యత ఖాతాదారుదేనని రుజువు చేయాల్సింది బ్యాంకేనని కూడా అంది. ఎటు చూసినా, చెప్పిన క్షణం నుంచి మన పక్షం బలపడుతుంది.

కాబట్టి ఏం చేయాలి? వరసగా చెబుతాను, రాసుకోండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకు పేరు, ఖాతా లేక కార్డు నంబరు, ఎంత పోయింది, ఏ టైముకు, లావాదేవీ నంబరు, ఇవి అడుగుతారు. ఓటీపీ గానీ పిన్ గానీ ఎవరూ అడగకూడదు. ఫిర్యాదు నంబరు తీసుకోండి. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి కార్డు ఆపించండి. మరునాడు బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మోసపు సందేశం చెరిపేయవద్దు. కోపంతో చెరిపేస్తాం, కానీ అదే సాక్ష్యం.

వివరాలు ఇచ్చి డబ్బు ఇంకా పోకపోయినా కార్డు ఆపించాల్సిందే. ఏమీ ఇవ్వకుండా సందేశం మాత్రమే వచ్చినవాళ్లు సంచార్ సాథీలోని ‘చక్షు’లో తెలియజేయవచ్చు. 2024 మార్చిలో అది మొదలైంది. ‘మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని ఎవరైనా వస్తే వాళ్లు రెండో దొంగలు.

ఇక పోలీసుస్టేషను. ‘డబ్బు బెంగళూరులో పోయింది, అక్కడికి పొమ్మ’ని కుప్పం అమ్మాయికి చెప్పే వీలు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. కంప్యూటరు, ఫోనుల ద్వారా మరొకరి వేషంలో మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. ఈ సెక్షన్లు బట్టీ పట్టమని చెప్పడం లేదు. ‘ఇది నేరం, నేను ఫిర్యాదీని’ అనే తెలివిడితో లోపలికి అడుగుపెట్టడానికి చెబుతున్నాను.

అట్లా అని పోయిన ప్రతి రూపాయీ తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వను. ఆలస్యమైతే రాదు. ఒక్కోసారి వెంటనే చెప్పినా రాదు. కానీ చెప్పకపోతే నిలిపే వీలే ఉండదు.

‘ఇంత గొడవెందుకు, ఆడవాళ్లకు ఫోనులో డబ్బు వ్యవహారం వద్దు’ అని ఒక పెద్దమనిషి పుంగనూరులో సలహా ఇచ్చారు. మార్గరెట్ కజిన్స్ పేరు మదనపల్లెవాళ్లు వినే ఉంటారు. 1919లో ఠాగూర్ ఇక్కడ ఉన్నప్పుడు జనగణమనకు స్వరాలు రాసిన ఆమె. అంతకు రెండేళ్ల ముందే, 1917లో, స్త్రీలకు ఓటు కావాలని అడిగిన ప్రతినిధి బృందం వెనక ఆమె శ్రమ ఉంది. అప్పుడు ఓటు వద్దన్నవాళ్లూ ఆడవాళ్లకు ఈ వ్యవహారాలెందుకనే అన్నారు. డ్వాక్రా రోజుల నుంచి సంఘం పుస్తకాలు రాసి, బ్యాంకు అప్పులు కిస్తులు తప్పకుండా తీర్చిన స్త్రీలు మీరు. మీకు లెక్క రాదని ఎవరంటారు? ఖాతా మీ పేరున ఉండడం, పిన్ మీకు మాత్రమే తెలిసి ఉండడం, ఫోను మీ చేతిలో ఉండడం, ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఒక దొంగ వచ్చాడని వీటిని వదులుకోనక్కర్లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ఎట్లా మొదలైందో గుర్తుచేసుకోండి. తాగివచ్చి కొట్టడం అప్పటిదాకా ఎవరింటి గుట్టు వాళ్లదే. రాత్రి చదువుల దగ్గర ఆ మాటలు ఒకరివొకరు వినేసరికి, ఇది నా ఒక్కదాని కర్మ కాదని తెలిసింది. ఈ పాతిక రూపాయల సందేశం అంత పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ గుట్టు విప్పే పద్ధతి ఒక్కటే.

అందుకని నేను మీ సంఘాలను అడిగేది ఒక్కటే. నెలసరి సమావేశంలో పొదుపు లెక్క అయ్యాక పది నిమిషాలు ఫోన్లు బయటికి తీయండి. ఎవరికి ఏ సందేశం వచ్చిందో చదువుకోండి. ఇద్దరిని ఎన్నుకోండి. అర్ధరాత్రి అయినా ‘అక్కా, నేను నొక్కేశాను’ అని వాళ్లకు ఫోను చేయగలగాలి. వాళ్లు ‘ఎందుకు నొక్కావు’ అని అడగకూడదు. ‘1930కి చేశావా?’ అని అడగాలి.

కుప్పం అమ్మాయి అయిదో రోజు చెప్పింది. మొదట చెప్పింది వాళ్ల నాయనకు కాదు, రైల్లో రోజూ పక్కన కూర్చునే ఆవిడకు. ఆవిడే తోడుగా స్టేషనుకు పోయింది. డబ్బు ఇంకా రాలేదు. ఫోను మాత్రం ఆ అమ్మాయి చేతిలోనే ఉంది, ఇప్పటికీ అదే రైల్లో పనికి పోతోంది.