కొత్త డిస్కుల ఏర్పాటు - సంతకానికి ముందు చూడవలసినవి

(గజపతినగరంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభ్యుల సర్వీసు వివరాలు, పింఛను కాగితాల నకళ్లు సంఘం కంప్యూటరులో భద్రపరచాలని మనం తీర్మానించుకున్నాం. మన సభ్యుడొకరి మనవడు మూడు డిస్కులతో ఒక కొత్త ఏర్పాటు సూచించాడు. ఒక డిస్కు పాడైనా సమాచారం పోదట. దాన్ని నమ్మవచ్చో లేదో చూసి చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

ఈ ఆలోచన పాతదే. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చవకైన చిన్న డిస్కులు అనేకం కలిపి వాడవచ్చని ఒక పత్రం ప్రకటించారు. దానికే రైడ్ అని పేరు. వారే ఒక లెక్క కూడా కట్టారు. సగటున 30,000 గంటలు పనిచేసే డిస్కులు 100 కలిపితే, ఏదో ఒకటి సగటున 300 గంటలకే, అంటే రెండు వారాల లోపే పాడవుతుంది. అందుకే అదనపు డిస్కు తప్పనిసరి అన్నారు.

ఆ అదనపు డిస్కు ఎలా కాపాడుతుందో మన పద్దుల భాషలో చెబుతాను. ఒక పుస్తకంలో 40, రెండో పుస్తకంలో 25, మూడో దానిలో మొత్తం 65 రాశామనుకోండి. రెండో పుస్తకం పోతే 65లో నుంచి 40 తీసేస్తే 25 తిరిగి వస్తుంది. ఇప్పుడు మొదటి పుస్తకంలో 40ని 50గా దిద్దాం. మొత్తం దిద్దేలోగా కరెంటు పోయింది. కొన్నాళ్లకు రెండో పుస్తకం పోయింది. 65లో నుంచి 50 తీసేస్తే 15! ఎవరూ ముట్టుకోని పద్దు తప్పుగా తిరిగి వచ్చింది. తప్పని చెప్పేవారూ లేరు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, సర్వీసు చివరి రోజుల్లో ఇటువంటి ఏర్పాటుకే నేను సంతకం చేశాను. డిస్కులన్నీ బాగున్నప్పుడు చూసి, బాగుందని రాశాను. రెండేళ్లు బాగానే నడిచింది. ఒకనాడు డిస్కు పోయింది. కొత్తది పెట్టి తిరిగి రాయిస్తే కొన్ని పద్దులు అర్థంలేని అక్షరాలుగా వచ్చాయి. పాత కాగితాలు చూసి వాటిని మళ్లీ ఎక్కించాం. ఆ తొందరలో ఒక వితంతువుకు రావలసిన బకాయి తప్పిపోయింది. ఆమె నాలుగుసార్లు తిరిగింది. "కంప్యూటరులో లేదమ్మా" అన్నాను. ఐదోసారి ఉత్తర్వు కాగితం నా బల్ల మీద పెట్టి, "బాబూ, నా కాయితం నా కాడే ఉంది. పోనాది మీ డబ్బాలోదే" అంది. ఆ మాట నేటికీ మరచిపోలేదు.

ఇక ఈ కుర్రవాడి ఏర్పాటు. లినక్స్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల వ్యవస్థ ఉంది. దానిలో ఈ "మొత్తం" లెక్క పద్ధతి 2013లో, 3.9 వెర్షనుతో వచ్చింది. మేమిద్దరం పాత డిస్కులతో పరీక్షించాం. రాస్తుండగా పదిసార్లు కరెంటు తీశాం. పదిసార్లూ బాగానే లేచింది. "చూశారా, తాతగారూ!" అన్నాడు. నిజమే, కానీ నా ఆఫీసులోనూ రెండేళ్లు బాగానే లేచింది. పైగా ఇది పరీక్షలకే తప్ప అసలు పనికి వాడవద్దని తయారుచేసినవారే తమ పత్రాల్లో రాసుకున్నారు. వండినవాడే తినవద్దంటుంటే మనం విస్తరి వేసుకోవడమెందుకు?

కాబట్టి నా సలహా ఇది. ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల్లోనూ రాసే పాత జోడు పద్ధతి చాలు. దానికైనా సంతకం పెట్టేముందు మూడు పనులు జరగాలి. రాస్తుండగా కరెంటు తీసి, తరువాత ఒక డిస్కు కూడా తీసేసి, కొత్తది పెట్టి, ప్రతి కాగితాన్నీ అసలుతో సరిచూడాలి. డిస్కు మార్చే పని ఆ కుర్రవాడు కాక మరొకరు, రాసిపెట్టిన కాగితం చూసి చేయగలగాలి. అతడు రేపు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తే మనకు దిక్కెవరు? మూడోది, ఒక నకలు వేరే ఊళ్లో ఉండాలి. దాన్నుంచి సమాచారం తిరిగి తెచ్చి చూడాలి.

ఈ చివరిది తేలికగా తీసుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన జిల్లా ఎలా చీకటైందో మీకు తెలుసు. ఒకే గదిలో నాలుగు డిస్కులున్నా, ఆ గదిలోకి నీళ్లొస్తే నాలుగూ ఒక్కటే. పొరపాటున మనమే ఒక ఫైలు చెరిపితే జోడు డిస్కులోనూ అదే క్షణంలో చెరుగుతుంది.

కుర్రవాడి ఉత్సాహాన్ని నేను కాదనడం లేదు. ఆ పరీక్షలన్నీ అతని చేతనే చేయిద్దాం. మూడూ నెగ్గిన రోజున సంతకం చేస్తాను. ఈసారి మాత్రం చూసి చేస్తాను. అందాకా మీ కాగితాలు మీ పెట్టెలోనే భద్రంగా ఉంచుకోండి.