బలరాం తరువాత లెఫ్ట్ అవుట్
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు తప్పించుకోజూశాను. నా చదువు పదవ తరగతితో సరి. టిక్కెట్టు కిటికీ వెనక కూర్చుని “ఎక్కడికి? ఎంతమంది?” అనే రెండు ప్రశ్నలతో రోజు గడిపేవాణ్ణి. పంచాంగ శ్రవణం అయిన తరువాత నావంటివాడు సభకు చెప్పదగిన విషయం ఏముంటుంది? “ఆటల గురించి చెప్పవయ్యా, కోవిల్‌పట్టిలో ఆట మాట ఎత్తితే ఎవ్వరూ లేచిపోరు” అన్నారాయన. అది నిజమే. అగ్గిపెట్టెలకూ, కడలై మిఠాయికీ, హాకీకీ పేరుపడ్డ ఊరు గదా ఇది. కానీ నేను పుట్టింది సికింద్రాబాదు లాలాగూడా రైల్వే క్వార్టర్సులో. అక్కడ మాకు ఆట అంటే ఫుట్‌బాలే. అందుచేత మొదట దానితోనే మొదలుపెడతాను, హాకీ అభిమానులు కొంచెం ఓర్చుకోవాలి.

మా తాత లాలాగూడా వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనాడు. సాయంత్రం నాలుగున్నరకు గేటు ముందరి చాయ్ హోటలు బెంచీ మీద ఆయనా, ఆయన ఈడువాళ్ళు నలుగురైదుగురూ కూర్చునేవారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బెంచీ మీద ఒకటే మాట. రహీం సాబ్ పోయినాడు, ఆట పోయింది. బలరాం పోయినాడు, లెఫ్ట్ అవుట్ పోయింది. నేను వినే నాటికి రహీంగారు కన్నుమూసి నలభై ఏళ్ళు. ఆ ముసలివాళ్ళకు మాత్రం అది నిన్నటి సంగతి.

ఇక్కడి పిల్లలకు ఆ పేర్లు తెలియకపోవచ్చు, కనుక కాస్త చెబుతాను. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. మొదట బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును ఆయన తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు తెచ్చింది. 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడలలో మన దేశం ఇరాన్ మీద గెలిచి బంగారు పతకం తీసుకున్నది ఆయన శిక్షణలోనే. మరుసటేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడిపోయినదీ ఆయన జట్టే. అప్పటికి మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడేవారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయినవి. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో అదే దేశం నాలుగవ స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే నాలుగు రెండుగా ఓడించింది.

ఆయన పద్ధతులు వింటే మీకు నవ్వు రావచ్చు. ఎడమకాలు సరిగా ఆడని పిల్లలకు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడట. బంతిని పట్టుకుని ఒక్కడే తిప్పుకుంటూ పోగూడదని ఇంకొక పోటీ. తాకగానే ఇంకొకడికి అందించాలి. మా తాత మాటల్లో చెప్పాలంటే, “బంతి దమ్ము తీసుకోవద్దు, మనిషి దమ్ము తీసుకోవద్దు.”

అటువంటి గురువు కంట పడ్డ కుర్రవాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు పక్క అమ్ముగూడ. ఇక్కడ మీకొక తమాషా మనవి చేయాలి. బలరాం తల్లిదండ్రులు తమిళులు. అరవదేశంనుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డ ఇంటి బిడ్డ. మనం తెలుగుదేశంనుంచి వచ్చి అరవదేశంలో ఉన్నాం. మీలో నాయకర్లు, నాయుడుగార్లు, రెడ్డియార్ల కుటుంబాలు వచ్చి నాలుగైదు వందల ఏళ్ళయిందంటారు, నేను వచ్చి తొమ్మిదేళ్ళే. కానీ బలరాంను మా బెంచీ మీద ఎవ్వరూ పరాయివాడనలేదు. “మనోడు” అనేవారు.

ఆయన ఎడమ పక్కన ఆడేవాడు. 1960లో రోములో హంగరీ వంటి జట్టు మీద గోలు కొట్టాడు, పెరూ మీద ఇంకొకటి కొట్టాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ జట్టుకు 1961లో కెప్టెన్. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని మూడు పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పుకున్న రోజులవి. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో ఏషియన్ క్రీడల ఫైనల్. స్టేడియం నిండా జనం, అందరూ మనకు ఎదురే. దక్షిణ కొరియా మీద పి.కె. ఒక గోలు, తలకు కుట్లు వేయించుకుని వచ్చిన జర్నైల్ సింగ్ ఒక గోలు. రెండు ఒకటిగా గెలిచాం. రహీంగారికి అప్పటికే కేన్సరు. మరుసటేడు 1963 జూన్ 11న పోయారు. బలరాం ఆ ఏడే బి.ఎన్.ఆర్. జట్టులో చేరాడు, అంటే మన రైల్వేవాడే అయినాడు. చేరిన కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బుచేత ముప్ఫై ఏళ్ళయినా నిండకుండా ఆట మానవలసి వచ్చింది. తరువాత బెంగాలులోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కాలం చేశాడు. చునీకి, పి.కె.కు పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. మా బెంచీ ముసలివాళ్ళు దీనికి ఢిల్లీని తిట్టిన తిట్లు ఉగాదినాడు పలకదగినవి కావు.

ఒక్క ఏడాది లోపల గురువూ పోయి, శిష్యుడూ మానుకున్నాడు. ఆ మరునాడు కూడా ఆట ఉన్నది. లెఫ్ట్ అవుట్ స్థానంలో ఎవడో ఒకడు నిలబడాలి గదా? వాడి సంగతే నేను చెప్పదలచుకున్నది.

నాకు పధ్నాలుగేళ్ళప్పుడు మా కాలనీ కుర్రాళ్ళ జట్టులో నన్ను ఎడమ పక్కన వేశారు. నాకు ముందు అక్కడ ఆడిన అన్న మహా నేర్పరి. వాళ్ళ నాన్నకు బదిలీ అయి కాజీపేట వెళ్ళిపోయాడు. నేను బంతి తీసుకున్నప్పుడల్లా గోడ మీద కూర్చున్నవాళ్ళు “అదే అన్న అయితేనా!” అనేవారు. ముందు రోషం వచ్చింది, తరువాత కాళ్ళు వణికినవి, ఆ తరువాత బంతి నా దిక్కు రాకుంటే బాగుండునని మొక్కుకునే స్థితి వచ్చింది. ఒకనాడు ఖాళీ గోలు ముందర బంతిని బయటికి తన్ని, ఇంటికి వచ్చి ఇక ఆడనని బూట్లు అటక మీద పారేశాను.

తాత అంతా చూశాడు. ఆ రాత్రి భోజనం అయినాక నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. ధైర్యం చెబుతాడనుకున్నాను. ఆయన తన తప్పు చెప్పుకున్నాడు.

రహీంగారు పోయిన రెండు మూడేళ్ళకు ఫతే మైదానంలో ఒక మ్యాచి. బలరాం ఆడిన పక్కన ఒక కొత్త కుర్రవాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయి. మొదటి పది నిమిషాల్లో రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. తాత కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. “బలరాం బూట్లు తొడుక్కుంటే బలరాం అయితావురా? ఇంటికి పో!” అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, పక్కవాళ్ళు అందుకున్నారు, కాసేపటికి ఆ మూలంతా “ఇంటికి పో, ఇంటికి పో” అని పాటగా పాడింది. విశ్రాంతి తరువాత ఆ కుర్రవాడు మళ్ళీ మైదానంలోకి రాలేదు.

ఏడాది గడిచింది. వర్క్‌షాపులో తాత ఉన్న సెక్షనుకు ఒక కొత్త కళాసీ వచ్చాడు. తాత చూడగానే గుర్తుపట్టాడు. అతనికి తాత ఎవరో తెలియదు. వందల గొంతుల్లో ఒక గొంతు ఎవరికి తెలుస్తుంది? పక్కపక్కనే ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. ఒకరి డబ్బా ఒకరు తిన్నారు. మా నాన్న పెళ్ళికి పందిరి గుంజలు పాతింది ఆయనే. వర్క్‌షాపు జట్టులోకి ఎంత పిలిచినా ఆయన రాలేదట. “నాకు ఆట రాదు” అనేవాడట.

“నేనేరా అరిచినోణ్ణి” అన్నాడు తాత. “ఒక్కనాడన్న చెప్తామనుకున్న బిడ్డా. రిటైరైన దినం పూలదండ ఏసిన్రు, అప్పుడు గూడ నోరు రాలే. ఆయన పోయిండు. ఇగ ఎవరికి చెప్పాలె?”

తాత అంతకుమించి ఏమీ అనలేదు. నేను బూట్లు దించుకున్నానా అని మీరడగవచ్చు. దించుకున్నాను. గొప్ప ఆటగాణ్ణి మాత్రం కాలేదు. ఇంకో నాలుగేళ్ళు ఎడమ పక్కన పరుగెత్తాను, అంతే.

తాత మాట విన్న తరువాత ఆ “తక్కువవాళ్ళు” ఏం చేశారో చూడాలనిపించింది. చూస్తే ఆశ్చర్యం. రహీంగారు పోయిన మరుసటేడు 1964లో మన జట్టు ఏషియన్ కప్పులో రెండవ స్థానంలో వచ్చింది. పోటీపడినవి నాలుగే దేశాలు, నిజమే. అయినా ఆ తరువాత అంత దూరం ఎన్నడూ పోలేదు. 1970లో బాంకాక్ ఏషియన్ క్రీడల్లో మన హైదరాబాదు నయీముద్దీన్ కెప్టెనుగా కాంస్యం తెచ్చారు. జకార్తా బంగారం చూసినవాళ్ళకు కాంస్యం ఏం ఆనుతుంది? ఆ కాంస్యం తరువాత నేటిదాకా ఫుట్‌బాలులో ఏషియన్ క్రీడల పతకం ఏ రంగుదీ మనకు రాలేదు. నాటి బెంచీ చిన్నచూపు చూసిన జట్టును మనం నేడు కళ్ళకద్దుకోవాలి.

ఆట పడిపోవడానికి కారణాలు వేరే ఉన్నవి. రహీం వంటి మనిషి పిల్లల పోటీలు పెట్టి పదేళ్ళ ముందునుంచీ నారు పోశాడు. ఆయన పోయిన తరువాత నారు పోసేవాడు లేక, నాట్లు సరిగా పడలేదని పైరును తిట్టారు. డబ్బుకోసం మంచి కుర్రవాళ్ళు కలకత్తా రైలెక్కారు. మైదానాలు మేడలైనవి. వీటిలో ఏ ఒక్కటీ ఆ పందొమ్మిదేళ్ళ కుర్రవాడు చేసిన తప్పు కాదు.

విరుదునగర్ పెద్దలు నన్ను క్షమించాలి, ఒక మాట అంటాను. మా అత్తవారిది సాత్తూరు దగ్గర. పెళ్ళైన కొత్తలో విరుదునగర్ బజారులో మా మామయ్యగారి వెంట కూర్చుంటే, అక్కడా ఒక బెంచీ, అక్కడా అదే పాట. కామరాజుగారి తరువాత ఎవరున్నారయ్యా అని. నిజమే, అంతటివాడు మళ్ళీ ఎవరు? కానీ 1967లో ఆయనను ఓడించింది ఈ విరుదునగరే గదా అని నేనంటే మా మామయ్యగారు కాఫీ సగంలో వదిలి లేచిపోయారు. అల్లుణ్ణి గనుక బతికిపోయాను.

ఇక నా సంగతి కొంత. మా నాన్న ఉద్యోగంలో ఉండగానే పోయాడు. కారుణ్య నియామకం కింద నాకు ఈ ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఆఫీసులో ఒక పెద్దాయన నా చేతిరాత చూసి, “మీ నాయన రాత ముత్యాలు” అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. నాకు మాత్రం మళ్ళీ గోడ మీదివాళ్ళు వినపడ్డారు. ఆ తరువాత మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ దొరికి మా ఆవిడ వైపు వచ్చాను.

ఇక్కడ మన ఇళ్ళల్లో కూడా ఒక సంగతి చూస్తున్నాను. పిల్లవాడు తెలుగులో నోరు తెరుస్తాడు, సగం తమిళం పడుతుంది. వెంటనే అవ్వ నవ్వుతుంది, “వాళ్ళ తాత తెలుగు వినుండాల!” అంటుంది. ఆ తాత తెలుగు నేనూ విన్నాను, బంగారమే. కానీ నవ్విన తరువాత ఆ పిల్లవాడు రెండో వాక్యం తమిళంలోనే చెబుతాడు. పోయిన ఉగాదికి పద్యం చదివిన పాప ఈసారి వేదిక ఎక్కనన్నదని కార్యదర్శిగారు చెప్పారు. ఎందుకు ఎక్కనన్నదో ఈ హాలులో కొందరికి తెలుసు. నేనూ ఆనాడు నవ్వినవాళ్ళలో ఉన్నాను.

హాకీ అభిమానులను ఇంకా నిలబెట్టను. ఈ ఊరి కుర్రవాడు మారీశ్వరన్ శక్తివేల్ 2022లో ఏషియా కప్పు భారత జట్టులో ఆడి వచ్చాడు. ఆ పోటీలు జరిగింది జకార్తాలోనే, బలరాం జట్టు గెలిచిన అరవై ఏళ్ళకు. కాంస్యం వచ్చింది. అతని తరువాత అతని స్థానంలో ఆడేవాళ్ళు ఇప్పుడు మన వీధుల్లోనే పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళు. పొద్దున ఐదున్నరకు కర్ర భుజాన వేసుకుని పోతుంటారు. మా వాడూ పోతున్నాడు.

వచ్చే ఆదివారం వాళ్ళకు చిన్న మ్యాచి ఉంది. నేను డ్యూటీ మార్చుకున్నాను. పెద్దలు ఎండపడక ముందే వస్తే కంచె దగ్గర నీడలో చోటుంటుంది. మా వాడు ఎడమ పక్కన ఆడతాడు. గుర్తుపట్టడం సులభం, బంతి రాకముందే పరుగెత్తేస్తాడు.