లక్ష్మీ నగర్ నుంచి శంషాబాద్ దాకా

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ అంటే సీఏ కోచింగులకు పెట్టింది పేరు. అక్కడ చదివే తెలుగు పిల్లలకు హైదరాబాద్ ఎంత దూరం?

విమానానికైతే సుమారు 1260 కిలోమీటర్లు, దాదాపు నేరుగా దక్షిణానికి. రైలుకైతే 1670 పైచిలుకు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ భోపాల్, నాగపూర్, కాజీపేటల మీదుగా ఒక పగలూ ఒక రాత్రీ దాటి నడుస్తుంది.

గంటకు 800 కిలోమీటర్ల వేగమంటే గంటన్నర చాలాలి కదా? టైంటేబుల్‌లో మాత్రం రెండుంపావు గంటలుంటుంది. విమానం గేటు వదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క అది. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే.

అసలు ప్రయాణం గది తాళం వేసినప్పుడే మొదలవుతుంది. 2010లో లక్ష్మీ నగర్‌కు మెట్రో రావడం నిజంగా పెద్ద మేలు. బ్లూ లైన్‌లో రాజీవ్ చౌక్, అక్కడ ఎల్లో లైన్ మారి ఒక్క స్టేషన్ అవతల న్యూఢిల్లీ. అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో మూడో టెర్మినల్‌కు ఇరవై నిమిషాలు. తనిఖీలకు రెండు గంటలు, శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంట కలిపితే, ఇంటి గుమ్మం చేరేసరికి ఆరేడు గంటలు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు ఈ లెక్కల్ని తారుమారు చేస్తుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయల్దేరేవారు విమానం వేళ మరోసారి చూసుకున్నాకే మెట్రో ఎక్కండి.